వాగ్దానం చీటీ వచ్చింది, సమాధానం మాత్రం రాలేదు

బుడమేరు_గట్టు | ఆగస్టు 12, 2025, రాత్రి 11:48

అందరికీ వందనాలు. నిద్ర పట్టక ఈ టైమ్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మాది విజయవాడ పాయకాపురం. సింగ్‌నగర్‌లో నాన్నకి చిన్న లేడీస్ టైలరింగ్ షాపు. పోయినేడాది సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి ఊరి మీదకి వచ్చిన రోజు. మందిరానికి వేసుకెళ్దామని ఇస్త్రీ చేసి పెట్టుకున్న చొక్కా కింద మంచం మీదే ఉండిపోయింది, మేం మేడ ఎక్కేశాం. షాపులో మూడు కుట్టు మిషన్లు, ఒక పికో మిషన్, జనం ఇచ్చిన బట్టలు అన్నీ రోజుల తరబడి నీళ్లలోనే. కుట్టమని ఇచ్చిన పెళ్లి జాకెట్లకి కూడా నాన్న డబ్బు కట్టిచ్చాడు. అప్పు అక్కడ మొదలైంది.

నాది 2024లో బీటెక్ అయింది. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ ఇచ్చారు, కంపెనీ పేరు వద్దులెండి. జాయినింగ్ డేట్ ఇప్పటికి మూడుసార్లు మారింది. ఇప్పుడు మెయిల్ పెడితే జవాబు కూడా రావట్లేదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని తలా ఒక బైబిలు వచనం చీటీ తీస్తాం, నాకు వచ్చిన వాగ్దానం చీటీ యిర్మీయా 29:11. "అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." అమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఎనిమిది నెలలుగా పాల ప్యాకెట్ తీసినప్పుడల్లా కనపడుతుంది.

బాబాయి వరసైన ఒకాయన దుబాయ్‌లో గోడౌన్ పని ఉందంటున్నారు. ఏజెంటుకి లక్షన్నర కట్టాలి. ముందు విజిట్ వీసా మీద పంపి, అక్కడికెళ్లాక మారుస్తారట. అమ్మ నాచేత ఒక ప్రవచనం చెప్పే ఆయనకి ఫోన్ చేయించింది. ఆయన "పడమటి ద్వారం తెరుచుకుంటోంది" అన్నారు. దుబాయ్ పడమరే కదా అని అమ్మ ఏడ్చేసింది. తర్వాత అదే ఫోన్‌లో 5,000 విత్తన కానుక అడిగారు, విత్తనంలా వేస్తే దేవుడు పంటలా తిరిగిస్తాడట. ఇంకా వేయలేదు.

నెలాఖరులోగా చెప్పాలి. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నా. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడితే దినవృత్తాంతాల్లో వంశావళి వచ్చింది. వాడు వీణ్ణి కనెను, వీడు వాణ్ణి కనెను. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

దేవుని చిత్తం ఎలా తెలుస్తుంది? ప్రార్థన చేస్తే సమాధానం వస్తుందంటారు. నాకెందుకు రావట్లేదు?

---

విజయ_ధ్వజం | ఆగస్టు 13, ఉదయం 5:10

ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. సందేహించేవాడు సముద్ర తరంగం లాంటివాడని యాకోబు పత్రికలో ఉంది. దైవజనుడు ద్వారం తెరుచుకుంటోందని చెప్పాక ఇంకా ఆలోచన ఏమిటి? విత్తనం వేయండి, పంట చూస్తారు. ఆమేన్ అనండి.

---

బెరయవాడు | ఆగస్టు 13, ఉదయం 6:32

ఆమేన్ అనను. మీరు చెప్పిన ఆ వాక్యం యాకోబు 1:6. దానికి ముందు వాక్యం కూడా చదవండి: జ్ఞానం కొదువైనవాడు అడగాలి, దేవుడు "ఎవనిని గద్దింపక" ఇస్తాడు. కుర్రాడు అడుగుతున్నాడు. గద్దిస్తున్నది మీరు.

తమ్ముడూ, నీకు ఒక కథ గుర్తు చేస్తా. 2 రాజులు 5వ అధ్యాయం. ఎలీషా ప్రవక్త మాట వల్ల సేనాధిపతి నయమానుకి కుష్ఠు పోయింది, కానుకలు పట్టుకుని ఎలీషా గుమ్మం ముందు నిలబడ్డాడు, బతిమాలాడు కూడా. ఎలీషా పైసా ముట్టలేదు. వెనకాల పరిగెత్తుకెళ్లి వెండి, బట్టలు తెచ్చుకున్నది ఎలీషా పనివాడు గేహజీ. ఆ కుష్ఠే వాడికి అంటుకుందని సండేస్కూల్ పిల్లాడినడిగినా చెప్తాడు. ఫోన్‌లో ప్రవచనం చెప్పి, ఆ కాల్ కట్ చెయ్యకముందే 5,000 అడిగినాయన ఎలీషా దారిలో ఉన్నాడా, గేహజీ దారిలో ఉన్నాడా? నువ్వే చూసుకో.

మందిరానికి కానుక ఇవ్వడం వేరు. నేనూ ఇస్తాను. జోస్యానికి ఫీజు కట్టడం వేరు.

---

సత్యనారాయణపురం | ఆగస్టు 13, ఉదయం 9:05

నేను క్రిస్టియన్ కాదండి. మాది పక్క పేటే, ఆ వరద రోజుల్లో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పులిహోర పొట్లాలు అందించిన బ్యాచ్‌లో ఉన్నాను. అందుకే చదువుతున్నా.

ఒక చిన్న డౌటు, తప్పుగా అనుకోకండి. మా ఆఫీసులో ఒకాయన ఇచ్చిన పెళ్లి కార్డు మీద "దేవుని సమాధానము మీకు తోడైయుండును గాక" అని ఉంది. ఏ ప్రశ్నకి సమాధానం అని చాలా రోజులు ఆలోచించా. ఇప్పుడు ఈ తమ్ముడి చీటీలో "సమాధానకరమైన ఉద్దేశములు" అని ఉంది. ఆయనేమో సమాధానం రాలేదంటున్నారు. రెండూ ఒకటేనా?

---

బ్రాడీపేట_టీచరమ్మ | ఆగస్టు 13, మధ్యాహ్నం 2:40

సత్యనారాయణపురం గారూ, మా సండేస్కూల్‌లో 35 ఏళ్లలో ఒక్క పిల్లాడూ ఈ ప్రశ్న అడగలేదు. దండం మీకు.

మన తెలుగు బైబిల్లో "సమాధానం" అంటే ఎక్కువచోట్ల జవాబు కాదు, శాంతి. పాత వాడుకలో "మనసు సమాధానపడింది", "ఇద్దర్నీ సమాధానపరిచాడు" అంటాం చూడండి, ఆ అర్థం. హెబ్రీలో ఆ మాట షాలోమ్. గొడవ లేకపోవడం ఒక్కటే కాదు, అన్నీ చక్కగా కుదిరి ఉండడం కూడా ఆ మాటలోనే ఉంది. మా తరానికి ఇది చెప్పక్కర్లేకుండానే తెలిసేది. ఇప్పటి పిల్లలకి సమాధానం అంటే పరీక్ష పేపర్లో ప్రశ్న కింద రాసేది.

ఇప్పుడు నీ సంగతి బాబూ. నీ చీటీలో 11వ వచనం ఒక్కటే ఉంది. చీటీ మీద అంతే పడుతుంది మరి. నేనూ ప్రతి ఏడూ తీస్తాను, తప్పనట్లేదు. కానీ అది చీటీగా రాసింది కాదు, ఉత్తరంగా రాసింది. యెరూషలేములో ఉన్న యిర్మీయా ప్రవక్త, బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్లకి పంపిన ఉత్తరం. ఇల్లూ వాకిలీ పోయి, దేశంగాని దేశంలో, రేపేమిటో తెలియనివాళ్లు. వాళ్లకి ముందు ఏం చెప్పాడో 5వ వచనం నుంచి చూడు. ఇళ్లు కట్టుకోండి. తోటలు నాటండి. పెళ్లిళ్లు చేసుకోండి. మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమమే మీ క్షేమం. అక్కడ "క్షేమం" అని తెలుగు చేసిన మాట, నీ చీటీలో "సమాధానం" అని తెలుగు చేసిన మాట, హెబ్రీలో రెండూ షాలోమే.

8వ వచనం ఇంకా ఉంది. మీ మధ్యనున్న ప్రవక్తల చేత మోసపోకండి అని. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అని ఒక ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని దేవాలయంలో జనం ముందే చెప్పాడు. ఎంత తియ్యటి కబురు! యిర్మీయా కూడా "ఆమేన్, అలాగే జరగనీ" అన్నాడు పాపం. కానీ దేవుడు చెప్పిన లెక్క 70 ఏళ్లు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. వాళ్లకే చెప్పాడు, నా ఉద్దేశాలు సమాధానకరమైనవి అని.

నీకు 70 ఏళ్లు ఆగమనట్లేదు నాయనా, భయపడకు. ద్వారం తూర్పా పడమరా అని ఆ ఉత్తరంలో లేదు, ఉన్నచోట ఏం చెయ్యాలో మాత్రం ఉంది అంటున్నాను.

---

నైట్_డ్యూటీ_సిస్టర్ | ఆగస్టు 13, రాత్రి 9:20

నేను వాక్యం తర్వాత చెప్తా. ముందు ఆ ఏజెంటు గురించి.

మా తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు, సరిగ్గా వెళ్లాడు కాబట్టి తెలుసు. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. మీ ఏజెంటు పేరు, లైసెన్స్ నంబరు అందులో ఉన్నాయా చూడండి. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోగల సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర ఎక్కడిది? విజిట్ వీసా మీద అక్కడ పని చేయడం నేరం. పట్టుబడితే మీరే పడతారు, ఏజెంటు కాదు.

బాబాయి మంచాయనే అయ్యుండొచ్చు. ఆయన్నీ మోసం చేసి ఉండొచ్చు.

ఇక మీ నిద్ర సంగతి. ఎన్నాళ్లుగా పట్టట్లేదు? 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద కూలబడి, నా ప్రాణం తీసుకో అన్నాడు. కర్మెలు కొండ మీద ప్రార్థనతో అగ్ని దింపిన మనిషి! దేవదూత వచ్చి ఏం చేశాడు? బోధించలేదు, గద్దించలేదు. రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు. తిని పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము", దేవుడిది, ఆ తర్వాత సంగతి, హోరేబు కొండ దాకా నడిచాక. వార్డులో నేను చూసేది కూడా ఇదే. తిండీ నిద్రా లేనివాళ్లకి ఏ మాటా చెవికెక్కదు. మీరు మూడు వారాలుగా ఉపవాసాలంటున్నారు, ఈ శుక్రవారం భోంచేయండి.

రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోతే డాక్టరుకి చూపించుకోండి. 14416 టెలి మానస్, ప్రభుత్వానిది, ఫోన్‌లోనే మాట్లాడతారు, తెలుగులో కూడా. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టు కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే మా ఇంట్లోనే ఒకావిడ, ప్రార్థనలో నయమైపోయిందని ఎవరో అంటే బీపీ మాత్రలు మానేసింది. నేను చూసేసరికి మూతి వంకర తిరిగి ఉంది. ఆ కోపం నాకింకా పోలేదు.

---

విజయ_ధ్వజం | ఆగస్టు 13, రాత్రి 10:02

స్వస్థతను అవమానిస్తున్నారు సిస్టర్.

---

నైట్_డ్యూటీ_సిస్టర్ | ఆగస్టు 13, రాత్రి 10:06

డ్యూటీకి వెళ్తున్నా బ్రదర్. స్వస్థత దగ్గరికే.

---

లయోలా_99 | ఆగస్టు 14, ఉదయం 7:15

కాథలిక్కుని. ఆంధ్ర లయోలా కాలేజీలో చదివాను. ఫాదర్లు మాకు చెప్పిన ఒక సంగతి ఈ తమ్ముడికి పనికొస్తుందనిపించింది.

పునీత ఇగ్నేషియస్ లయోలా మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. ఇంట్లో మంచం మీద నెలల తరబడి. వీరుల కథలు చదువుదామని పుస్తకాలడిగితే ఆ ఇంట్లో లేవు. ఉన్నవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు. సరేనని అవే చదివాడు. మధ్యమధ్యలో పగటికలలు. ఒకరోజు యుద్ధాలు, గొప్పింటి అమ్మాయి మెప్పు. ఇంకోరోజు పునీతుల్లా బతకడం. కలగంటున్నంతసేపూ రెండూ తియ్యగానే ఉండేవి. కానీ అయిపోయాక చూసుకుంటే మొదటిది మనసుని ఎండబెట్టి పోయేది. రెండోది పోయాక కూడా చల్లగా ఉండేది. ఆ తేడా గమనించడంతోనే ఆయన దారి మొదలైంది.

దాన్నుంచే ఆయన తర్వాత ఒక నియమం రాశాడు. మనసు చీకట్లో, అలజడిలో ఉన్నప్పుడు కొత్త నిర్ణయం తీసుకోకు, అంతకుముందు నెమ్మదిగా ఉన్నప్పుడు అనుకున్నదాన్ని మార్చకు. ప్రార్థన పెంచు, ఓపిక పట్టు, కానీ దారి మార్చకు. రాత్రి 11:48కి లక్షన్నర నిర్ణయం తీసుకోకు అని దీన్ని మన భాషలో చెప్పుకోవచ్చు.

నేనైతే ఒక తెల్లకాగితం తీసుకుంటా. వెళ్తానని నిర్ణయించేసుకున్నట్టే రెండు రోజులు బతుకుతా. తర్వాత వెళ్లనని రెండు రోజులు. ఏ రోజు సాయంత్రానికి మనసెలా ఉందో రాస్తా. ఆ సాయంత్రాలు గుణదల కొండెక్కి కూర్చుంటా. ఫిబ్రవరి 11 పండగ రద్దీలో కాదు, మామూలు రోజుల్లో. అక్కడ మరియమాత స్వరూపం పెట్టింది 1924లో, మా తాతల నాటి సంగతి. కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, తలనీలాలిచ్చేవాళ్లు, ఊరికే కూర్చునేవాళ్లు. సగం మంది క్రైస్తవులు కూడా కాదు. అడగడానికి ఏమీ లేనట్టు కాసేపు కూర్చోవడం నేను అక్కడే నేర్చుకున్నా.

---

బెరయవాడు | ఆగస్టు 14, ఉదయం 8:01

కొబ్బరికాయల దగ్గర నేను ఆగిపోయాను. మిగతాదంతా బాగుంది.

---

లయోలా_99 | ఆగస్టు 14, ఉదయం 8:09

ఆగండి అన్నా, మెట్ల మీద చోటుంది 😄

---

నిర్వాహకుడు | ఆగస్టు 14, ఉదయం 8:30

మరియమాత చర్చకి వేరే శీర్షిక ఉంది, నాలుగేళ్లుగా నడుస్తోంది, అక్కడికి దయచేయండి. ఇక్కడ అబ్బాయి విషయం.

---

మిర్చి_టిక్కీ | ఆగస్టు 14, మధ్యాహ్నం 1:25

నేను గుంటూరు పక్కన రైతుని. పెద్దగా వాక్యం తెలీదు.

పోయిన సీజన్ మిర్చి రేటు మీరూ చూసే ఉంటారు. అంతకుముందు క్వింటా 20 వేల దాకా చూసిన కళ్లతో, ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలని ధర ప్రకటిస్తే అదే మహాభాగ్యమనుకునే స్థితి. నా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొన్ని కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి. అమ్మితే నష్టం, ఉంచితే అద్దె. పొద్దున్నే ఫోన్‌లో రేటు చూడటం, అప్పుడు ప్రార్థన. ఇది తప్పని తెలుసు.

ఒకరోజు మా సంఘంలో పరలోక ప్రార్థన చెప్తుంటే "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" దగ్గర నాకు నోరు ఆగిపోయింది. నేడు. నేను అడుగుతున్నది నేటిది కాదు, వచ్చే ఉగాదికి రేటు ఎంతుంటుందో చెప్పమని. అరణ్యంలో దేవుడు రోజూ కురిపించిన ఆహారం మన్నా, దాన్ని ఇశ్రాయేలీయులు మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టింది. మన్నాకి కోల్డ్ స్టోరేజీ లేదు.

అలాగని దాచుకోకూడదని కాదు, నేనే దాచుకున్నా. మనశ్శాంతి మాత్రం ఏ రోజుకారోజే దొరుకుతోంది నాకు. నిన్నటిది ఇవాళ పనికిరాదు. ఇవాళ దొరికింది. రేపు తెలీదు.

---

సగం_నమ్మకం | ఆగస్టు 14, రాత్రి 12:50

ఈ చర్చలో దూరకూడదనే అనుకున్నా.

2021 మే, కరోనా. నా భార్య. ఆసుపత్రిలో మంచం కోసం గుంటూరు, విజయవాడ, మంగళగిరి తిరిగాం. ఎంతమంది ప్రార్థించారో లెక్కలేదు, గొలుసు ప్రార్థన పెట్టారు, గంటకొకరు చొప్పున రాత్రంతా. పోయింది. ఆ తర్వాత ఇంటికొచ్చినవాళ్లలో కనీసం పదిమంది ఇదే వచనం చెప్పారు. యిర్మీయా 29:11. మంచి ఉద్దేశంతోనే చెప్పారు. నాకు మాత్రం లేచి తలుపు వేసేయాలనిపించింది. దేవుడు ఏదో ఉద్దేశంతోనే తీసుకున్నాడని ఇంకొకరన్నారు. మా పాపకి అప్పుడు ఆరేళ్లు. దానికి ఆ ఉద్దేశం ఏమని చెప్పను?

ఏడాది పైన గుడికి పోలేదు. మళ్లీ ఎందుకు పోతున్నానంటే, ఒక ముసలి పాస్టరుగారు ఇంటికి వచ్చారు. ఏమీ చెప్పలేదు. చాప మీద కూర్చుని 88వ కీర్తన చదివారు. కీర్తనలన్నీ ఎంత ఏడ్చినా చివర్లో స్తుతితో తేలతాయని నా లెక్క. అది తేలదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అయిపోతుంది. అంతే. ఆయన పుస్తకం మూసి, టీ తాగి వెళ్లిపోయారు. ఇలాంటిది కూడా బైబిల్లో పెట్టుకున్నారంటే, నా లాంటివాడికీ అందులో ఒక పేజీ ఉందని ఆ రాత్రి అనిపించింది. చాలాకాలం తర్వాత నిద్రపోయాను.

తమ్ముడూ, నాకు జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు. సత్యనారాయణపురం గారు అడిగిన ఆ రెండో రకం సమాధానం మాత్రం అప్పుడప్పుడు వస్తుంది. మళ్లీ పోతుంది.

---

బ్రాడీపేట_టీచరమ్మ | ఆగస్టు 15, ఉదయం 6:00

అయ్యా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఏమీ చెప్పను. పాపని దేవుడు చల్లగా చూడాలి.

---

విజయ_ధ్వజం | ఆగస్టు 15, ఉదయం 6:45

సగం_నమ్మకం బ్రదర్, నేను కూడా 2021లో అలాంటి ఇళ్లకి వెళ్లి అదే వచనం చెప్పినవాణ్ణే. క్షమించండి.

---

సగం_నమ్మకం | ఆగస్టు 15, ఉదయం 7:30

పర్లేదన్నా. వచ్చారు కదా. కరోనా భయానికి రానివాళ్లే ఎక్కువ.

---

బుడమేరు_గట్టు | ఆగస్టు 17, రాత్రి 8:15

అందరికీ థాంక్స్. ఇన్ని చదివి ఏం రాయాలో తెలియక నాలుగు రోజులు ఊరుకున్నా.

సిస్టర్ గారూ, ఈ-మైగ్రేట్‌లో వెతికా. ఆ పేరుతో ఏజెంటు లేడు. లైసెన్స్ నంబరు పంపండి అని వాట్సాప్‌లో అడిగితే, "నమ్మకం లేకపోతే వదిలెయ్" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. బాబాయికి వినిపించా. ఆయన తన బావమరిది కోసం అప్పటికే 40 వేలు కట్టి ఉన్నాడట. ఇప్పుడు ఆయనకి టెన్షన్.

ఒక్కటి మాత్రం తేలలేదు. తలుపు మూసుకుపోయింది సరే, మూసింది దేవుడా, వెబ్‌సైటా? అమ్మ అడుగుతోంది. తలుపులన్నీ మూసుకుపోతుంటే అదేం నడిపింపు అంటోంది.

---

బెరయవాడు | ఆగస్టు 17, రాత్రి 9:00

అమ్మగారికి అపొస్తలుల కార్యములు 16 చదివి వినిపించు. అపొస్తలుడు పౌలుకి ఆసియ అనే రోమా పరగణాలో వాక్యం చెప్పడానికి పరిశుద్ధాత్మ అడ్డు. బితూనియ వెళ్లబోతే అక్కడా అడ్డు. ఎలా అడ్డుకున్నాడో రాయలేదు. జబ్బు చేసిందో, దారి బాగాలేదో, ఎవరైనా వద్దన్నారో. వాళ్లు త్రోయ దాకా నడుస్తూనే వచ్చారు, అక్కడ మాసిదోనియకి రమ్మని దర్శనం. రెండు తలుపులు మూసుకున్నప్పుడు మనిషి చేయగలిగింది నడవడమే. దర్శనం వచ్చాక కూడా పౌలు వెళ్లింది ఎక్కడికి? మాసిదోనియలోని ఫిలిప్పీకి. అక్కడ దెబ్బలు, జైలు.

ఇంకొకటి. ఆ ఫిలిప్పీవాళ్లకే తర్వాత ఇంకో చెరలో ఉండి ఉత్తరం రాశాడు. "దేనినిగూర్చియు చింతపడకుడి" అన్నది అందులోనే, 4వ అధ్యాయం. ఏసీ గదిలో రాసింది కాదు. విన్నపాలు దేవునికి తెలియజేయమన్నాడు. అడిగినవన్నీ దొరుకుతాయని అక్కడ అనలేదు. సమాధానం హృదయాలకి "కావలియుండును" అన్నాడు. కావలి అంటే సిపాయి కాపలా. ఫిలిప్పీ రోమా సైనికుల ఊరు, వాళ్లకి ఆ మాట బాగా ఎక్కి ఉంటుంది. కాపలా ఉందంటే ప్రమాదం కూడా చుట్టుపక్కల ఉన్నట్టే.

వెబ్‌సైట్ సంగతి. దేవుడు గాడిద చేత మాట్లాడించాడు, బిలాము అనే సోదెగాడి దగ్గర. వెబ్‌సైట్ ఎంత.

---

బ్రాడీపేట_టీచరమ్మ | ఆగస్టు 18, మధ్యాహ్నం 3:10

మూసుకున్న తలుపుల గురించి మా గుంటూరు కథ ఒకటి చెప్తాను, అమ్మకి వినిపించు.

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చింది. డాక్టరు చదువు చదివిన ఆడమనిషి, ఆ రోజుల్లో! కానీ ఆమెను పంపినవాళ్లు వైద్యానికని పంపలేదు. బడుల్లోనూ, ఇళ్లలోనూ ఆడవాళ్లకి పాఠాలు చెప్పే పనికి పంపారు. వచ్చిన పని ఒకటి, చేతికిచ్చిన పని ఇంకొకటి. ఆమె పాఠాలు చెప్పింది. తలుపు తట్టిన రోగులను చూస్తూనే ఉంది. చివరికి ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో 15 ఏళ్లు. మా అమ్మ నన్ను కన్నది ఆ ఆసుపత్రిలోనే, కుగ్లర్ ఆసుపత్రి అంటే ఇప్పటికీ ఆటోవాడు అడగకుండా తీసుకెళ్తాడు.

ఆ 15 ఏళ్లలో ఆమెకి ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో ఎవరూ రాయలేదు. రాసి ఉంటే బాగుండేది. అన్నట్టు, ఆమెకన్నా ముందు లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న, 49 ఏళ్ల వయసులో. లయోలా బాబూ, మీ ఇగ్నేషియస్ పండగ కూడా జూలై 31నే కదా?

---

లయోలా_99 | ఆగస్టు 18, సాయంత్రం 4:00

అవునమ్మా! ఇన్నాళ్లు తెలీదు. వచ్చే ఏడాది ఆ రోజు గుంటూరొచ్చి మీ ఇంట్లో భోంచేస్తా.

---

బ్రాడీపేట_టీచరమ్మ | ఆగస్టు 18, సాయంత్రం 4:20

గోంగూర తింటావా? సరే.

---

సత్యనారాయణపురం | ఆగస్టు 20, ఉదయం 10:10

తమ్ముడూ, మొగల్రాజపురంలో మాకు తెలిసిన అకౌంట్స్ ఆఫీసులో జీఎస్టీ ఎంట్రీకి మనిషి కావాలంటున్నారు. 12 వేలే ఇస్తారు. నీ చదువుకి తగింది కాదు, జాయినింగ్ వచ్చేదాకా చేసుకోవచ్చు. అడగమంటావా? ద్వారం ఏ దిక్కో మాత్రం నాకు తెలీదు.

---

బుడమేరు_గట్టు | ఆగస్టు 20, ఉదయం 10:14

పాయకాపురం నుంచి దక్షిణం అన్నా 😄 అడగండి ప్లీజ్.

---

బుడమేరు_గట్టు | సెప్టెంబరు 1, రాత్రి 9:40

ఈ రోజుకి నీళ్లొచ్చి సరిగ్గా ఏడాది.

జాయినింగ్ లెటర్ రాలేదు. పోయిన సోమవారం నుంచి మొగల్రాజపురం వెళ్తున్నా. ఓనరు బాగానే ఉన్నాడు, ఎక్సెల్ వచ్చని సంతోషించాడు. బాబాయి 40 వేల కోసం పోలీస్ స్టేషన్‌కి వెళ్లొచ్చాం, కంప్లైంట్ తీసుకున్నారు.

ప్రవచనం చెప్పే ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. రెండోసారి అమ్మే ఎత్తింది. "మా అబ్బాయి భోంచేస్తున్నాడండి" అని పెట్టేసింది. ఇంతకన్నా ఏమీ అనదు, ఆవిడ తీరంతే. చీటీ ఫ్రిజ్ మీదే ఉంది. దాని పక్కన పెన్నుతో "5, 7, 8 కూడా" అని నేనే రాసి అంటించా.

ఆ కానుకకని అమ్మ దాచి పెట్టిన 5,000తో నాన్న రెండో మిషన్‌కి మోటారు వేయించాడు. ఈసారి మిషన్లన్నీ ఎత్తు బల్లల మీద పెట్టాం. పొద్దున మబ్బు పడితే వీధిలో అందరూ ఒకసారి బయటికొచ్చి బుడమేరు వైపు చూశారు, నేనూ చూశా. తర్వాత ఎవరి పని వాళ్లం. నిద్ర కొన్ని రోజులు పడుతోంది, కొన్ని రోజులు లేదు. పట్టని రోజు సగం_నమ్మకం అన్న చెప్పిన 88వ కీర్తన చదువుతున్నా. చిత్రంగా, వాగ్దానాల కన్నా అది చదివితేనే కళ్లు మూతపడుతున్నాయి.

---

సగం_నమ్మకం | సెప్టెంబరు 1, రాత్రి 10:30

మా పాపకి పది నిండాయి. పట్టు లంగా, జాకెట్టు కుట్టించాలి. షాపు ఎక్కడో చెప్పు, ఆదివారం ఆరాధన అయ్యాక వస్తాం.

---

బ్రాడీపేట_టీచరమ్మ | సెప్టెంబరు 1, రాత్రి 10:41

నాకూ రెండు జాకెట్లున్నాయి. కొలత జాకెట్టు ఇచ్చి బస్సులో ఎవరి చేతనైనా పంపిస్తాను. లైనింగ్ కూడా నేనే కొనాలా?

---

బుడమేరు_గట్టు | సెప్టెంబరు 1, రాత్రి 10:55

లైనింగ్ మా దగ్గరే ఉందమ్మా, పంపించండి. కొత్త లైనింగ్‌ని ముందు నీళ్లలో నానబెట్టి ఆరేశాకే నాన్న కత్తెర పెడతాడు, లేకపోతే తర్వాత ముడుచుకుపోతుంది. రెండు రోజులు ఎక్కువ పడుతుంది, పర్లేదా?

---

బ్రాడీపేట_టీచరమ్మ | సెప్టెంబరు 1, రాత్రి 10:58

క్రిస్మస్‌కి అందితే చాలు బాబూ. పడుకో ఇక.